ప్రతి సోర్స్ ఫైల్‌కూ ఒకే తీరు లైసెన్స్ ట్యాగ్: పాత హెడర్లను ఏం చేయాలి?

పాతకోడ్:
మేం కొద్దిమందిమి కలిసి చూసుకుంటున్న సీ లైబ్రరీ ఒకటి ఉంది. ఎన్నో చేతులు మారి మా దగ్గరికొచ్చింది. ఫైళ్ల పైన ఉన్న లైసెన్స్ హెడర్లు ఒక్కో చోట ఒక్కోలా ఉన్నాయి. కొన్నింట్లో జీపీఎల్ నోటీసు పూర్తిగా ఉంది. దాని చివర ఆ లైసెన్స్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చిరునామా ఉంది, అందులోనూ మూడు రకాలు: మాస్ అవెన్యూ, టెంపుల్ ప్లేస్, ఫ్రాంక్లిన్ స్ట్రీట్. 2024లో ఫౌండేషన్ ఫ్రాంక్లిన్ స్ట్రీట్ ఆఫీసు కూడా ఖాళీ చేసింది కాబట్టి ఇప్పుడు ఆ మూడింట్లో ఏదీ పనికిరాదు. కొన్ని ఫైళ్లలో "వివరాలకు కాపీయింగ్ ఫైల్ చూడండి" అని (అంటే లైసెన్స్ పాఠం ఉన్న ఫైల్) ఒక్క ముక్క ఉంది. కొన్నింట్లో "బీఎస్‌డీ తరహా లైసెన్స్" అని ఉంది, బీఎస్‌డీ లైసెన్స్‌లో రకాలున్నా ఏదో చెప్పలేదు. మిగతా వాటిలో అసలేమీ లేదు.

మా లైబ్రరీని ఒక డిస్ట్రోకి (లినక్స్ పంపిణీకి) ప్యాకేజ్ చేస్తున్నవాళ్లు ప్రతి ఫైల్‌లో ఎస్‌పీడీఎక్స్ లైసెన్స్ ఐడెంటిఫైయర్ (ఒక ఉమ్మడి జాబితా ప్రకారం లైసెన్స్ పేరు చెప్పే ఒక్క లైను ట్యాగ్) పెట్టమని అడిగారు. నాకూ నచ్చింది. ఒక స్క్రిప్ట్ రాసి, పాత హెడర్లన్నీ తీసేసి, వాటి చోట ఒక్క లైను పెట్టేద్దామనుకుంటున్నాను. ఈ పని చేసినవాళ్లు ఉంటే ఎక్కడ జాగ్రత్తపడాలో చెప్పండి. హెడర్ లేని ఫైళ్లకు ఏం పెట్టాలి, బొమ్మలు, జేసన్ ఫైళ్లలాంటి వాటికి ఏం చేయాలి అన్నవి కూడా నాకు తేలడం లేదు.

ప్యాకేజీమిత్ర:
పని మంచిదండీ, తప్పకుండా చేయండి. కానీ ఆ స్క్రిప్ట్ మాత్రం ఇప్పుడే రన్ చేయకండి. ట్యాగ్ రాయడం నిమిషం పని. ఏ ఫైల్‌కు ఏ ట్యాగ్ అన్నది తేల్చడమే అసలు పని. అది మనిషి కూర్చుని చూడాల్సిందే.

ప్యాకేజింగ్ చేసేవాళ్లకి ఇది ఎందుకంత ముఖ్యమో చెబుతాను. ఫాసాలజీ, స్కాన్‌కోడ్ లాంటి స్కానర్లు హెడర్‌లోని వాక్యాలను తమకు తెలిసిన లైసెన్స్ పాఠాలతో పోల్చి చూస్తాయి. ఎవరో ఒక వాక్యం మార్చి రాసినా, మధ్యలో ఒక ముక్క ఎగిరిపోయినా, "ఇది ఫలానా లైసెన్స్ కావచ్చు" అని అనుమానంగా చెబుతాయి. ఆ అనుమానాలన్నీ తీర్చాల్సింది మేమే. ప్రతి డిస్ట్రోలో, ప్రతి కంపెనీలో ఎవరో ఒకరు అవే ఫైళ్లు తెరిచి అదే ప్రశ్నకు మళ్లీ మళ్లీ జవాబు వెతుక్కుంటున్నారు. అది ఒక్కసారి మూలంలోనే తేలిపోతే అందరికీ తీరిపోతుంది.

పేర్ల గందరగోళం ఇంకోటి. ఫెడోరా డిస్ట్రో పాత పద్ధతిలో "ఎంఐటీ" అన్న ఒక్క మాట కింద దగ్గరి పోలికలున్న ఎన్నో వేర్వేరు పాఠాలు సర్దుకుపోయేవి. అందుకే వాళ్లు 2022 నుంచి స్పెక్ ఫైళ్లలో (ప్యాకేజ్ వివరాలు రాసే ఫైళ్లలో) ఎస్‌పీడీఎక్స్ పేర్లకు మారడం మొదలుపెట్టారు. ఎస్‌పీడీఎక్స్ జాబితాలో ఒక పేరుకి ఒకే పాఠం. ఖాళీలు, పెద్దచిన్న అక్షరాలు లాంటి తేడాలను లెక్కచేయకూడదని పోల్చే నియమాలు కూడా రాసి ఉన్నాయి.

సందేహి:
నాకు మొదటి నుంచీ ఉన్న ప్రశ్న ఇది. రిపో మొదట్లో ఒక లైసెన్స్ ఫైల్ ఉంటే చాలదా? వందల ఫైళ్లను ముట్టుకుని, గిట్ బ్లేమ్ (ఏ లైను ఎవరు మార్చారో చూపేది) మొత్తం పాడుచేసుకుని, చేతిలో ఉన్న ప్యాచ్‌లన్నింటికీ కాన్‌ఫ్లిక్ట్‌లు తెచ్చుకోవడం దేనికి? ప్రాజెక్ట్ మొత్తానికి ఒకే లైసెన్స్ అయితే ప్రతి ఫైల్‌లో అదే మాట చెప్పడం అనవసరం అనిపిస్తుంది. కావాలంటే ప్యాకేజ్ మెటాడేటాలో పెట్టొచ్చు. జావాస్క్రిప్ట్‌లో ఎన్‌పీఎం ప్యాకేజ్ జేసన్‌లో, రస్ట్‌లో కార్గోలో ఎస్‌పీడీఎక్స్ పేర్లే వాడుతున్నారు. పైథాన్‌లో కూడా పెప్ 639 అనే ప్రతిపాదనతో అదే పద్ధతి వచ్చింది.

సాయంత్రపు_కమిట్:
సందేహి గారూ, ఫైల్ ఎప్పుడూ తన రిపోలోనే ఉండిపోతే మీరన్నది నిజమే. కానీ ఉండదు. ఉపయోగపడే సీ ఫైల్‌ని ఎవరో ఒకరు తమ ప్రాజెక్ట్‌లోకి కాపీ చేసుకుంటారు. అక్కడి నుంచి ఇంకొకరు తీసుకుంటారు. ఫైల్‌తో పాటు మీ లైసెన్స్ ఫైల్ వెళ్లదు.

దీనికి మంచి ఉదాహరణ గో భాష సోర్స్ కోడ్. అందులో ప్రతి ఫైల్ పైన "ఈ సోర్స్ కోడ్ వాడకం బీఎస్‌డీ తరహా లైసెన్స్‌కు లోబడి ఉంటుంది, అది లైసెన్స్ ఫైల్‌లో దొరుకుతుంది" అన్న అర్థం వచ్చే నోటీసు ఉంటుంది. గో రిపోలో చూస్తే ఏ సందేహమూ లేదు. అదే ఫైల్‌ని జీపీఎల్ ప్రాజెక్ట్‌లో పెట్టండి. ఇప్పుడు "లైసెన్స్ ఫైల్" అన్న మాట ఆ ప్రాజెక్ట్‌లోని జీపీఎల్ ఫైల్‌ని చూపిస్తుంది! చదివేవాడు ఏమనుకోవాలి? బీఎస్‌డీ-3-క్లాజ్ అని ట్యాగ్ ఉంటే ఫైల్ ఎక్కడికెళ్లినా ఆ మాట దానితోనే వెళ్తుంది.

గిట్ బ్లేమ్ సంగతికొస్తే, ట్యాగ్ కమిట్‌ని విడిగా పెట్టి, బ్లేమ్‌లో వదిలేయాల్సిన కమిట్ల జాబితా ఫైల్‌లో దాని హ్యాష్ రాస్తే సరిపోతుంది. అసలు హెడర్ లైన్లు మారినందుకు కింద ఉన్న కోడ్ లైన్ల బ్లేమ్ మారదు కూడా.

చట్టం_చదువరి:
నేను లాయర్‌ని కాను. కానీ ఓపెన్ సోర్స్ లైసెన్స్ పాఠాలు మాటమాటా చదివే అలవాటు ఉంది. పాతకోడ్ గారూ, మీ మొదటి పోస్ట్‌లో "పాత హెడర్లన్నీ తీసేసి" అన్నారు. నాకు టెన్షన్ అక్కడే.

ఆ హెడర్ మీరు రాసింది కాకపోతే దాన్ని తీసేసే హక్కు మీకుందా అన్నది ముందు చూడాలి. జీపీఎల్ 2 మొదటి సెక్షన్‌లోనే ఈ లైసెన్స్ గురించి, వారంటీ లేకపోవడం గురించి ఉన్న నోటీసులన్నీ చెక్కుచెదరకుండా ఉంచాలని ఉంది. అపాచీ 2.0 నాలుగో సెక్షన్‌లో సోర్స్‌లోని కాపీరైట్, పేటెంట్, ట్రేడ్‌మార్క్, అట్రిబ్యూషన్ నోటీసులు ఉంచాలని ఉంది. ఎంఐటీ అయితే కాపీరైట్ నోటీసుతో పాటు అనుమతి నోటీసు కూడా ప్రతి కాపీలో ఉండాలంటుంది. ఎస్‌పీడీఎక్స్ వాళ్లు కూడా ట్యాగ్ చేర్చమంటారే గానీ, మీ సొంతం కాని నోటీసుని తీసేయమని చెప్పరు.

ఇంకో మాట. ట్యాగ్ లైసెన్స్‌ని ఇవ్వదు. రచయిత ఇంతకుముందే ఇచ్చిన లైసెన్స్‌ని రాసిపెడుతుంది, అంతే. రెండో వెర్షన్ మాత్రమే అని రచయిత అన్నచోట మీరు "ఆ తర్వాతి ఏ వెర్షన్ అయినా" అని ట్యాగ్ పెట్టినంత మాత్రాన లైసెన్స్ మారిపోదు. ఫైల్‌లో ఒక అబద్ధం చేరుతుంది, దాన్ని నమ్మి ఎవరో జీపీఎల్ 3 కోడ్‌తో కలుపుతారు.

అందుకని పని రెండుగా విడగొట్టండి. ముందు ఏదీ తీయకుండా ట్యాగ్‌లు చేర్చండి. పాత పేరాలు తీయడం అన్నది హక్కుదారుల ఒప్పుదల దొరికిన చోట, దొరికినంత మేరకు, తర్వాత.

ప్యాకేజీమిత్ర:
లినక్స్ కెర్నల్‌లో సరిగ్గా ఇలాగే జరిగింది. 2017 నవంబరులో వచ్చిన 4.14 కోసం ముందు అసలు లైసెన్స్ సమాచారమే లేని ఫైళ్లను పట్టుకున్నారు. మొత్తం 60,537 ఫైళ్లు స్కాన్ చేశారు. ఏమీ రాసిలేని 11 వేలకు పైగా ఫైళ్లకు జీపీఎల్-2.0 ట్యాగ్ పెట్టారు, ఎందుకంటే వేరే మాట లేనిచోట కెర్నల్ మొత్తానికి వర్తించేది అదే. ఫిలిప్ ఒంబ్రెడాన్ స్కానర్ ఫలితాల పట్టిక తయారుచేస్తే, కేట్ స్టీవర్ట్ ఒక్కో ఫైల్ వారీగా ఫలితాలను పోల్చి చూశారు, థామస్ గ్లైక్స్‌నర్ ఆ పట్టిక నుంచి ట్యాగ్‌లు చేర్చే స్క్రిప్ట్ రాశారు, గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ కమిట్ చేశారు. స్క్రిప్ట్ ఎక్కడొచ్చిందో గమనించండి. మనుషులు చూసి తేల్చిన తర్వాత.

పాత పేరాలు తీయడం 2019లో మొదలైంది. ఒకే మాటలున్న నోటీసులన్నింటినీ ఒక గుంపుగా చేసి, ఆ పాఠాన్ని కమిట్ మెసేజ్‌లోనే పెట్టి, దానికోసమే పెట్టిన మెయిలింగ్ లిస్ట్‌లో రివ్యూకి పంపేవారు. ఏ వాక్యం పోయి ఏ ట్యాగ్ వచ్చిందో ఈరోజుకీ చరిత్రలో కనిపిస్తుంది. మీరు పాత పేరాలు తీసే దశకు వస్తే ఆ కమిట్ మెసేజ్‌లు ఒకసారి చదవండి, వాటినే నమూనాగా పెట్టుకోవచ్చు.

కెర్నల్ కంటే ముందు 2013లోనే యూ-బూట్ అనే బూట్‌లోడర్ వాళ్లు ఈ ట్యాగ్‌లు వాడారు. అంటే ఇది పెద్ద ప్రాజెక్ట్‌లకే పరిమితమైన వ్యవహారం కాదు.

పాతకోడ్:
అందరికీ థాంక్స్. స్క్రిప్ట్ పక్కన పెట్టేశాను. స్కాన్‌కోడ్‌తో మొత్తం స్కాన్ చేసి చూశాను, అనుకున్నదానికంటే చిక్కుగా ఉంది. ముఖ్యంగా నాలుగు రకాలు తేలడం లేదు.

"జీపీఎల్ కింద విడుదల చేస్తున్నాం" అని మాత్రమే ఉండి వెర్షన్ లేనివి. "బీఎస్‌డీ తరహా" అన్నవి. "పబ్లిక్ డొమైన్" అని రాసినవి. అసలేమీ లేనివి. రిపోలో ఉన్న కాపీయింగ్ ఫైల్ మాత్రం జీపీఎల్ 2.

చట్టం_చదువరి:
మొదటి దానికి జవాబు జీపీఎల్ 2 లోపలే ఉంది. తొమ్మిదో సెక్షన్: ప్రోగ్రామ్‌లో వెర్షన్ నంబర్ చెప్పకపోతే, ఫౌండేషన్ ఎప్పుడైనా ప్రచురించిన ఏ వెర్షన్‌నైనా తీసుకునేవారు ఎంచుకోవచ్చు. కాబట్టి ఆ ఫైళ్లకు జీపీఎల్-1.0-ఆర్-లేటర్ సరైన ట్యాగ్. చూడ్డానికి వింతగా ఉంటుంది, కానీ కెర్నల్‌లో కూడా అలాంటి ట్యాగ్ ఉన్న ఫైళ్లు ఉన్నాయి. "కాపీయింగ్‌లో వెర్షన్ 2 ఉంది కదా, 2-ఓన్లీ పెట్టేద్దాం" అనుకోవద్దు. రచయిత ఇచ్చిన స్వేచ్ఛను మీరు కుదించినట్టవుతుంది.

ఓన్లీ, ఆర్-లేటర్ అన్న తోకలు ఎందుకంత స్పష్టంగా ఉన్నాయో కూడా తెలుసుకోండి. మొదట్లో ఎస్‌పీడీఎక్స్‌లో జీపీఎల్-2.0 అంటే రెండో వెర్షన్ మాత్రమే, చివర ప్లస్ గుర్తు ఉంటే ఆ తర్వాతివి కూడా. ఉత్త జీపీఎల్-2.0 అని చూసినవాళ్లకు రచయిత తెలిసే ప్లస్ వదిలేశాడా, మరిచిపోయాడా అన్నది అర్థమయ్యేది కాదు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ స్థాపకుడు రిచర్డ్ స్టాల్‌మన్ దీన్ని గట్టిగా లేవనెత్తారు. జాబితా 3.0 వెర్షన్ నుంచి రెండు పేర్లూ విడివిడిగా రాయాలని మార్చారు. కెర్నల్‌లో పాత రూపం కూడా చెల్లుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం కొత్త పేర్లే వాడండి.

సాయంత్రపు_కమిట్:
"బీఎస్‌డీ తరహా" వాటికి గిట్ లాగ్ తవ్వాల్సిందే. ఆ ఫైల్ ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెడితే అక్కడ అసలు పాఠం దొరుకుతుంది. రెండు క్లాజులదా, మూడు క్లాజులదా, నాలుగు క్లాజులదా అన్నది చిన్న తేడా కాదు. నాలుగు క్లాజుల పాఠంలో అదనంగా ఉండేది ప్రకటనల్లో పేరు చెప్పి తీరాలనే షరతు, అది జీపీఎల్‌తో కలవదు. బర్కిలీ యూనివర్సిటీ 1999లో తన కోడ్ వరకు ఆ షరతు ఎత్తేసింది. కానీ ఇతరులు అదే పాఠాన్ని తమ పేరుతో వాడుకున్న చోట ఆ ఎత్తివేత వర్తించదు. కాబట్టి ఎవరి పేరు మీద ఉందో తప్పకుండా చూడండి.

పబ్లిక్ డొమైన్‌కి ఎస్‌పీడీఎక్స్ జాబితాలో అన్నింటికీ సరిపోయే పేరు లేదు, కావాలనే పెట్టలేదు. ఒక్కొక్కరు ఒక్కో మాటలో వదులుకుంటారు, దేశాన్ని బట్టి దాని అర్థం మారుతుంది. లైసెన్స్‌రెఫ్ అని మొదలయ్యే సొంత పేరు పెట్టుకుని, ఆ రచయిత రాసిన వాక్యాన్ని ఉన్నదున్నట్టు లైసెన్సెస్ ఫోల్డర్‌లో పెట్టండి. సీసీ0 (క్రియేటివ్ కామన్స్ వాళ్ల హక్కులు వదులుకునే పత్రం) అని మీరే మార్చేయొద్దు. అందులో పేటెంట్ హక్కులు వదులుకోవడం లేదని స్పష్టంగా ఉంది. ఆ కారణంతోనే ఫెడోరా 2022లో కొత్త కోడ్‌కి సీసీ0ని ఒప్పుకోవడం మానేసింది.

సందేహి:
ఏమీ రాయని ఫైళ్లకు కాపీయింగ్‌లో ఉన్నది పెడితే సరిపోతుంది కదా? దీని మీద కూడా తవ్వకాలు అంటే ఈ పని ఎప్పటికీ తెమలదు.

ప్యాకేజీమిత్ర:
ఎక్కువ వాటికి సరిపోతుంది, ప్రాజెక్ట్‌లోనే పుట్టిన ఫైల్ అయితే. బయటి నుంచి దించుకున్నవి మాత్రం ఆ లెక్కలోకి రావు. గిట్ లాగ్‌లో ఒకేసారి పెద్ద మొత్తంలో వచ్చిపడ్డ ఫైళ్లు, శైలి వేరుగా ఉన్నవి, థర్డ్ పార్టీ ఫోల్డర్లలో ఉన్నవి. వాటిని మాత్రం చూడండి, మిగతావి వదిలేయండి. ఎంత తవ్వినా తేలని ఫైల్ ఉంటే ట్యాగ్ లేకుండానే ఉంచండి. ట్యాగ్ లేకపోతే చదివేవాడికి అక్కడ ప్రశ్న ఉందని తెలుస్తుంది. తప్పు ట్యాగ్ ఉంటే ఆ ప్రశ్నే కనబడదు.

కొత్తగా_చేరాను:
నేను ఇంకా నేర్చుకునే దశలోనే ఉన్నాను, చిన్న ప్రశ్నలు అడగొచ్చా అండీ? ఆ లైను ఫైల్‌లో సరిగ్గా ఎక్కడ ఉండాలి? ఇంకోటి, కొన్ని చోట్ల ఆర్ అని, కొన్ని చోట్ల యాండ్ అని, ఒక చోట విత్ అని చూశాను. స్లాష్ పెట్టినవి కూడా ఉన్నాయి. తేడా ఏంటి?

సాయంత్రపు_కమిట్:
తప్పకుండా అడగండి, అవే ఎక్కువమందికి పనికొచ్చే ప్రశ్నలు.

స్థానం: వీలైనంతవరకు మొదటి లైను. స్క్రిప్ట్ ఫైల్ అయితే మొదటి లైనులో ఏ ఇంటర్‌ప్రెటర్‌తో నడవాలో ఉంటుంది కాబట్టి రెండో లైను. కామెంట్ ఎలా రాయాలన్నది ఆ భాషని బట్టి. కెర్నల్‌లో సీ సోర్స్ ఫైళ్లకు రెండు స్లాష్‌ల కామెంట్ వాడతారు, సీ హెడర్ ఫైళ్లకు మాత్రం స్లాష్-స్టార్ కామెంట్ వాడతారు. హెడర్ ఫైళ్లను అసెంబ్లీ కోడ్ కూడా చేర్చుకుంటుంది, పాత అసెంబ్లర్లకు రెండు స్లాష్‌ల కామెంట్ అర్థం కాదు. పాతకోడ్ గారూ, మీది సీ లైబ్రరీ కాబట్టి మీకు కూడా ఇది అవసరం కావచ్చు.

ఆర్ అంటే తీసుకునేవాడు రెండింట్లో ఒకటి ఎంచుకోవచ్చు. రస్ట్ ప్రపంచంలో బాగా కనిపించే "ఎంఐటీ ఆర్ అపాచీ-2.0" అలాంటిది. కార్గోలో ఒకప్పుడు దీన్నే స్లాష్‌తో రాసేవారు, ఆ రూపం ఇప్పుడు వద్దంటున్నారు. స్లాష్ అంటే ఆర్ అనుకోవాలో యాండ్ అనుకోవాలో చదివేవాడికి తెలియదు కదా. యాండ్ అంటే రెండు లైసెన్స్‌ల షరతులూ పాటించాలి. ఒకే ఫైల్‌లో కొంత బీఎస్‌డీ కోడ్, కొంత జీపీఎల్ కోడ్ కలిసి ఉన్నప్పుడు వచ్చేది ఇదే. విత్ అంటే లైసెన్స్‌కి ఒక మినహాయింపు జతచేయడం. కెర్నల్‌లో యూజర్ ప్రోగ్రామ్‌లు చేర్చుకునే హెడర్ ఫైళ్లకు "జీపీఎల్-2.0 విత్ లినక్స్-సిస్కాల్-నోట్" అని ఉంటుంది. సిస్టమ్ కాల్స్ వాడుకున్నంత మాత్రాన మీ ప్రోగ్రామ్‌కి జీపీఎల్ అంటదు అన్నదే ఆ నోట్. ఎల్‌ఎల్‌వీఎం కంపైలర్ ప్రాజెక్ట్ 2019లో లైసెన్స్ మార్చుకున్నప్పుడు "అపాచీ-2.0 విత్ ఎల్‌ఎల్‌వీఎం-ఎక్సెప్షన్" అయింది. మూడూ ఒకే లైనులో ఉంటే ముందు విత్, తర్వాత యాండ్, చివర ఆర్ వర్తిస్తాయి. సందేహం వస్తుందనిపిస్తే బ్రాకెట్లు పెట్టేయండి.

పాతకోడ్:
బొమ్మలు, జేసన్ ఫైళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. జేసన్‌లో కామెంట్ రాయడానికే లేదు.

ప్యాకేజీమిత్ర:
దానికోసం ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ యూరప్ వాళ్ల రీయూజ్ నియమాలు చూడండి. 2017లో మొదలైంది. కామెంట్ రాయలేని ఫైల్‌కి పక్కనే అదే పేరుతో, చివర డాట్ లైసెన్స్ అని ఇంకో చిన్న ఫైల్ పెట్టి అందులో ట్యాగ్ రాయొచ్చు. అలాంటివి చాలా ఉంటే రీయూజ్ డాట్ టామ్ల్ అనే ఒక్క ఫైల్‌లో, ఫలానా ఫోల్డర్‌లోని బొమ్మలన్నింటికీ ఫలానా లైసెన్స్ అని రాయొచ్చు. వాడిన ప్రతి లైసెన్స్ పూర్తి పాఠం లైసెన్సెస్ ఫోల్డర్‌లో, ఎస్‌పీడీఎక్స్ పేరే ఫైల్ పేరుగా ఉండాలి. చట్టం చదువరి గారు చెప్పిన ఎంఐటీ షరతుకి ఈ ఫోల్డర్ ఎంతో ఆసరా.

నా సలహా: సోర్స్ ఫైళ్లకు మాత్రం టామ్ల్ దారి పట్టవద్దు. ఫైల్ కాపీ అయినప్పుడు టామ్ల్ వెనకే ఉండిపోతుంది. కామెంట్ పెట్టగలిగిన ప్రతి చోటా ఫైల్‌లోనే పెట్టండి.

సందేహి:
ఫైల్‌లోనే ఉండాలన్న వాదన ఇప్పుడు నాకు అర్థమైంది, మా ప్రాజెక్ట్‌లో కూడా ప్రతిపాదిస్తాను. కానీ రీయూజ్ ప్రతి ఫైల్‌లో కాపీరైట్ లైను కూడా అడుగుతుంది. దానికి నేను ఇంకా ఒప్పుకోను. ఎంతోమంది రాసిన ఫైల్‌లో ఒక్కరి పేరు ఉండటం మిగతావాళ్లకు న్యాయం కాదు. సంవత్సరాలు మార్చుకుంటూ పోవడం ఇంకో పెద్ద చాకిరీ.

చట్టం_చదువరి:
మీ బాధ సరైనదే. ఉన్న కాపీరైట్ లైన్లు మాత్రం ముట్టుకోకూడదు, అవి ఎవరివో వాళ్లవి. కొత్త ఫైళ్లకు "ఈ ప్రాజెక్ట్ రచయితలు" అని రాసి, పేర్ల జాబితా వేరే ఫైల్‌లో పెట్టుకునే పద్ధతి చాలా ప్రాజెక్ట్‌లు పాటిస్తున్నాయి. సంవత్సరం రాయడం తప్పనిసరి కాదు, రీయూజ్ కూడా తప్పనిసరి చేయదు. ఏటా జనవరిలో అన్ని ఫైళ్లలో సంవత్సరం మార్చే కమిట్ల వల్ల ఎవరికీ ఏ హక్కూ పెరగదు. అది మానేయొచ్చు.

పాతకోడ్:
మిగతావాళ్లతో మాట్లాడాను. నోటీసులు తీయకుండా ట్యాగ్‌లు చేర్చడంతో మొదలుపెడుతున్నాం, ఒక్కో రకం నోటీసుకి ఒక్కో కమిట్. పాత రచయితల్లో దొరికినవాళ్లకు మెయిల్ పెడుతున్నాం. కొత్త ప్యాచ్‌లలో ట్యాగ్ లేకపోతే ఆపేలా సీఐలో (ప్రతి మార్పునూ ఆటోమేటిక్‌గా పరీక్షించే చోట) రీయూజ్ లింట్ అనే తనిఖీ పెట్టాం. ఒక్కటే మిగిలింది: బైసన్ (వ్యాకరణం నుంచి పార్సర్ కోడ్ తయారుచేసే టూల్) పుట్టించే పార్సర్ ఫైల్ ఒకటి రిపోలోనే ఉంది. దానికి మా ట్యాగ్ పెట్టాలా?

సాయంత్రపు_కమిట్:
మీ ట్యాగ్ ఒక్కటే పెట్టకండి. అందులో బైసన్ నమూనా కోడ్ కూడా ఉంటుంది. దానికి జీపీఎల్-3.0-ఆర్-లేటర్, బైసన్ మినహాయింపుతో. మీ వ్యాకరణం ఫైల్‌లో రాసిన కోడ్‌కి మీ లైసెన్స్. ఫైల్ తెరిచి పైన ఉన్న నోటీసు చదవండి, మినహాయింపు పేరా అందులోనే ఉంటుంది. బైసన్-ఎక్సెప్షన్-2.2 అన్న పేరు జాబితాలో ఉంది, పాఠం దానితో సరిపోతుందో లేదో పోల్చి చూసుకోండి. వీలైతే ఆ ఫైల్‌ని రిపోలోంచి తీసేసి బిల్డ్ సమయంలో పుట్టించండి. రిపోలో ఉంచాల్సిందే అంటే చేత్తో దిద్దకుండా పక్కన డాట్ లైసెన్స్ ఫైల్ పెట్టండి. ఫైల్‌లోనే రాస్తే మళ్లీ బైసన్ రన్ చేసినప్పుడు మీ లైను చెరిగిపోతుంది.